ఇల్లు మారాక కంప్యూటర్ ఆన్ కావడం లేదా? బయటి నుంచి లోపలికి ఒక్కొక్కటే చూడండి

గత శ్రావణంలో మా పిన్ని వాళ్ళు విశాఖలో గాజువాక నుంచి మధురవాడకు ఇల్లు మారారు. తెల్లవారుజామునే పాలు పొంగించారు. మధ్యాహ్నానికి టాటా ఏస్‌లో సామాన్లు దిగాయి. సాయంత్రం తీరిక చేసుకుని కంప్యూటర్ ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. మర్నాడే చెల్లెలు ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కి వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. పిలిస్తే వచ్చిన మెకానిక్ రెండుసార్లు బటన్ నొక్కి చూసి, "మదర్‌బోర్డు పోయిందమ్మా, కొత్తది వెయ్యాలి" అన్నాడట. పిన్ని నాకు ఫోన్ చేసింది. "నిన్న పొద్దున పాతింట్లో బాగానే పని చేసింది కదరా, దారిలో ఎలా పోతుంది?"

ఆమె సరైన ప్రశ్నే అడిగింది. నిన్నటి దాకా పని చేసిన మెషీన్ ఇవాళ ఆగిపోయిందంటే, నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం మారిందో వెతకాలి. ఇల్లు మారినప్పుడు మారేవి మూడే. ఒకటి, దారి కుదుపులకు లోపలి, బయటి జాయింట్లు వదులవుతాయి. రెండు, కరెంటు పాయింటు కొత్తది. మూడు, కంప్యూటర్ కొన్ని గంటలో కొన్ని వారాలో కరెంటు లేకుండా, ఒక్కోసారి చెమ్మలో ఉండిపోతుంది. ఆపేసి ఉన్న మదర్‌బోర్డు, అంటే లోపలి భాగాలన్నీ వచ్చి కలిసే పెద్ద బోర్డు, బండిలో కూర్చున్నంత మాత్రాన ఊరికే కాలిపోదు. అందుకే ఖరీదైన భాగాన్ని అనుమానించే ముందు వదులైన భాగాన్ని వెతకండి. బయటి నుంచి మొదలుపెట్టి లోపలికి వెళ్ళండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. నాలుగు ఒకేసారి కదిలిస్తే, బాగైనా ఎందుకు బాగైందో తెలియదు.

ఆన్ చేసే ముందు

ఆషాఢంలో ఇల్లు మారడానికి మనవాళ్ళు ఇష్టపడరు. శ్రావణం రాగానే విశాఖలో ఏ వీధి చూసినా సామాన్ల బళ్ళే. అది వానల కాలం కూడా. బండి మీద టార్పాలిన్ కట్టినా అడుగు నుంచి, పక్కల నుంచి జల్లు కొడుతుంది. కేబినెట్ మీద, అంటే మనం వాడుకలో సీపీయూ అనే పెట్టె మీద, ఒక్క తడి మరక కనిపించినా ఆన్ చేయకండి. పక్క మూత తీసి, ఫ్యాన్ గాలి తగిలేలా కనీసం ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి. హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి కొట్టొద్దు, ప్లాస్టిక్ భాగాలు వంగిపోతాయి. నీళ్ళు లోపలికి పోయాయని తెలిస్తే సొంత ప్రయత్నాలు మాని షాపులో చూపించాలి. తడి లేకపోయినా, ఏసీ కారులో చల్లగా వచ్చిన పెట్టెను ఉక్కగా ఉన్న గదిలో పెట్టగానే ఆన్ చేయడం మంచిది కాదు. చల్లటి లోహం మీద ఆవిరి నీటి బొట్లుగా పేరుకుంటుంది. ఓ గంట రెండు గంటలు అలా వదిలేయండి.

తర్వాత ప్లగ్గు పెట్టకుండానే కేబినెట్‌ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచండి. లోపల గలగలమని శబ్దం వస్తే స్క్రూ ఊడిందని అర్థం. ఆ స్క్రూ మదర్‌బోర్డు మీద అడ్డంగా పడి ఉండగా కరెంటు ఇస్తే నిజంగానే బోర్డు పోతుంది. ముందు దాన్ని తీయాలి.

ఇంకొకటి. గోడ కరెంటుని కంప్యూటర్‌కి సరిపడేలా మార్చి ఇచ్చే లోపలి డబ్బాని ఎస్‌ఎంపీఎస్ అంటారు. కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌లకు వెనక, కరెంటు తీగ పెట్టే చోట చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. దాని మీద 115, 230 అని రాసి ఉంటుంది. సామాన్లు సర్దేటప్పుడు చెయ్యి తగిలి అది 115 వైపు జరిగిందంటే, మన 230 వోల్టుల కరెంటు ఇచ్చిన క్షణంలోనే ఎస్‌ఎంపీఎస్ టప్పుమని పోతుంది. ఆ స్విచ్ మీకు ఉంటే 230 వైపే ఉందో లేదో కళ్ళతో చూసి గానీ ప్లగ్గు పెట్టకండి.

అసలు ఏం జరుగుతోంది?

"ఆన్ కావట్లేదు" అనే మాటలో నాలుగైదు వేరువేరు జబ్బులు దాగి ఉంటాయి. బటన్ నొక్కితే లైటు, ఫ్యాన్ ఏదీ కదలకపోతే అది కరెంటు దారి సమస్య. ఫ్యాన్లు తిరుగుతూ తెర నల్లగా ఉంటే మానిటర్ తీగ, ర్యామ్ (తాత్కాలిక మెమరీ పట్టీ), గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మ తెప్పించే భాగం) వైపు చూడాలి. ఆన్ అయి కొన్ని సెకన్లకో నిమిషానికో ఆగిపోతుంటే ప్రాసెసర్ (లెక్కలన్నీ చేసే చిప్) మీద ఉండి దాన్ని చల్లబరిచే కూలర్‌ని అనుమానించాలి. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వచ్చి అక్కడే ఆగితే సెట్టింగులు లేదా డిస్కు. ఏది కనిపించినా, తెర మీద ఏ వాక్యం వచ్చినా ఫోన్‌తో ఫొటో తీసుకోండి. బీప్‌మని కూత వినిపిస్తే వీడియో తీయండి. రేపు షాపుకి వెళ్ళాల్సి వచ్చినా అది పనికొస్తుంది.

కొత్త ఇంటి కరెంటు

ఏమీ కదలని కంప్యూటర్ విషయంలో నేను ముందు చూసేది గోడనే. కంప్యూటర్ పెట్టబోయే సాకెట్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి. ఛార్జ్ ఎక్కకపోతే ఎంసీబీ (తేడా వస్తే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోయి ఉందేమో బోర్డులో చూడండి. ఛార్జర్ పని చేసినంత మాత్రాన సాకెట్ బాగున్నట్టు కాదు. ఏళ్ళ తరబడి వాడిన అద్దె ఇళ్ళలో సాకెట్ లోపలి పత్తీలు వదులైపోతాయి. తేలికైన ఛార్జర్ నిలబడుతుంది, బరువైన మూడు పిన్నుల ప్లగ్గు కిందికి వాలి కాంటాక్ట్ తప్పుతుంది. ప్లగ్గు కదిపినప్పుడు చిటపటమంటే ఆ సాకెట్ వాడకండి, మార్పించండి.

తర్వాత మధ్యలో ఉన్నవన్నీ తీసేయండి. స్పైక్ బస్టర్ వద్దు, యూపీఎస్ వద్దు. కంప్యూటర్ తీగ ఒక్కటే నేరుగా గోడ సాకెట్‌లోకి. ఇప్పుడు ఆన్ అయితే దోషం మధ్య వస్తువుది. నేను రెండేళ్ళ కిందట ఎంవీపీ కాలనీకి మారినప్పుడు సగం రోజు కేబినెట్ విప్పి చూశాను. చివరికి తేలింది యూపీఎస్ బ్యాటరీ. ఇళ్ళలో వాడే చిన్న యూపీఎస్‌లో సాధారణంగా 12 వోల్టుల, 7 యాంప్ అవర్ బ్యాటరీ ఉంటుంది. రెండు మూడేళ్ళు వాడాక అది బలహీనపడుతుంది. వారం పది రోజులు ఛార్జింగ్ లేకుండా మూలన పడి ఉంటే ఇక లేవదు. కొన్ని యూపీఎస్‌లు బ్యాటరీ పూర్తిగా దిగిపోతే గోడ కరెంటు ఉన్నా బయటికి ఇవ్వవు. ఆరు నుంచి ఎనిమిది గంటలు ఛార్జింగ్‌లో ఉంచి చూడండి. అప్పటికీ లేవకపోతే బ్యాటరీ మారిస్తే చాలు, యూపీఎస్ మొత్తం మార్చక్కర్లేదు.

గోడ నుంచి నేరుగా ఇచ్చినా చలనం లేకపోతే కేబినెట్ వెనక ఎస్‌ఎంపీఎస్ స్విచ్ చూడండి. గీత ఉన్న వైపు నొక్కితే ఆన్, సున్నా వైపు నొక్కితే ఆఫ్. సామాన్లు సర్దేవాళ్ళు ఆఫ్ చేసి ఉంటారు, కలిపేవాళ్ళకి ఆ సంగతి తెలియదు. తీగ కేబినెట్ వైపు పూర్తిగా లోపలికి దిగిందో లేదో గట్టిగా నొక్కండి. మానిటర్ కరెంటు తీగ, కేబినెట్ కరెంటు తీగ చాలా ఇళ్ళలో ఒకే రకం. రెండూ మార్చి చూస్తే తీగ తెగిందో లేదో తేలిపోతుంది.

ఇక ఎర్త్. ఎర్త్ లేకపోయినా కంప్యూటర్ ఆన్ అవుతుంది, కాబట్టి చాలామంది పట్టించుకోరు. దయచేసి పట్టించుకోండి. కేబినెట్ లోహం మీద చెయ్యి పెడితే జివ్వుమంటోందా? టెస్టర్ పెడితే వెలుగుతోందా? అయితే ఆ సాకెట్‌కి ఎర్త్ లేదనే అనుకోవాలి. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు రొదను అణిచే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి గుండా కారే కొద్దిపాటి కరెంటు ఎర్త్ తీగలోకి పోవాలి. ఎర్త్ లేనప్పుడు అది కేబినెట్ మీదే నిలుస్తుంది. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల అడాప్టర్‌లోకి దూర్చి వాడినా ఇదే జరుగుతుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ సరి చేయించేవరకూ ఆ కేబినెట్‌ని చెప్పులు లేకుండా తడి నేల మీద నిలబడి ముట్టుకోవద్దు, పిల్లల్ని ముట్టుకోనివ్వొద్దు. అద్దె ఇల్లయితే ఓనర్‌ని గట్టిగానే అడగండి. ఇది సౌకర్యం గురించి కాదు, ప్రాణాల గురించి. లైట్లు మసకబారుతూ ప్రకాశిస్తూ ఉంటే, అంటే వీధి లైన్‌లోనే వోల్టేజ్ తేడా ఉంటే, విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కి చెప్పండి. అది సర్దుకునేదాకా కంప్యూటర్ ఆన్ చేయకండి.

తెర నల్లగా ఉంటే, ముందు మానిటర్

మానిటర్‌కి కరెంటు వస్తోందా, దాని లైటు వెలుగుతోందా చూడండి. "నో సిగ్నల్" అని తెర మీద వస్తే మానిటర్ బాగున్నట్టే. మానిటర్ బటన్లతో ఇన్‌పుట్ సరైనది ఎంచుకోండి, హెచ్‌డీఎంఐ, వీజీఏ అనేవి రెండు రకాల తీగ రంధ్రాలు, తీగ హెచ్‌డీఎంఐలో ఉండి ఇన్‌పుట్ వీజీఏలో ఉంటే ఎంతసేపైనా ఏమీ రాదు.

విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్లలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. కేబినెట్ వెనక మానిటర్ తీగ పెట్టే చోట్లు రెండుంటాయి. పైన నిలువుగా, యూఎస్‌బీ రంధ్రాల పక్కన ఉండేది మదర్‌బోర్డుది. కింద అడ్డంగా ఉండేది గ్రాఫిక్స్ కార్డుది. కార్డు ఉంటే తీగ కిందిదానికే పెట్టాలి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే అందులో సొంత గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి పైదానికి పెడితే ఏ బొమ్మా రాదు. కొత్తింట్లో హడావుడిగా తీగలు కలిపేటప్పుడు దొరికిన రంధ్రంలో పెట్టేస్తాం. రూపాయి ఖర్చు లేకుండా తీరే సమస్య ఇది.

మూత తీశాక

ప్లగ్గు పూర్తిగా పీకేయండి, స్విచ్ ఆపడం సరిపోదు. తర్వాత పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. ఒక్కోసారి ఈ ఒక్క పనితోనే మొండికేసిన మెషీన్ లేస్తుంది కాబట్టి, మూత తీసే ముందు ఇది చేసి ఒకసారి ఆన్ చేసి చూడండి. కాకపోతే మళ్ళీ ప్లగ్గు పీకి, కేబినెట్‌ని బల్ల మీద పడుకోబెట్టి, ఎడమ పక్క మూత తీయండి. లోపలి భాగాలు ముట్టుకునే ముందు కేబినెట్ లోహాన్ని ఒకసారి తాకండి. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఒంట్లో స్టాటిక్ కరెంటు తక్కువే పుడుతుంది, అయినా ఈ అలవాటు మానొద్దు. ఏదైనా కదిలించే ముందు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి.

ముందు ర్యామ్. పిన్ని వాళ్ళింట్లో ఆ రాత్రి నేను మూత తీయగానే కనిపించింది ఇదే. ఒక ర్యామ్ ఒక చివర క్లిప్పు విడిపోయి, వెంట్రుక వాసి పైకి లేచి ఉంది. గాజువాక నుంచి మధురవాడ దాకా హైవే మీద పాతిక కిలోమీటర్లు, పైగా కేబినెట్‌ని బియ్యం బస్తా పక్కన ఒక మూలకి వాల్చి పెట్టారు. లేవకపోతేనే ఆశ్చర్యం.

క్లిప్పులు విప్పి ర్యామ్‌ని నిటారుగా పైకి తీయండి. బంగారు రంగు అంచుని పిల్లల తెల్ల రబ్బరుతో రెండు వైపులా మెల్లగా తుడిచి, రబ్బరు పొడిని పూర్తిగా దులిపేయండి. స్లాట్ మధ్యలో ఉన్న చిన్న గట్టు, ర్యామ్ అంచున ఉన్న కోత కలిసేలా పెట్టి, రెండు చివర్లా బొటనవేళ్ళతో సమానంగా నొక్కండి. క్లిప్పు టక్కుమని దానంతటదే మూసుకోవాలి. మొదటిసారి చేసేవాళ్ళకి ఇంత గట్టిగా నొక్కాలా అనిపిస్తుంది. నొక్కాలి. కానీ కోత కలవకుండా బలం పెట్టకండి.

రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. తర్వాత దాన్ని తీసి రెండోది. నాలుగు స్లాట్లున్న చాలా బోర్డుల్లో ఒక్క ర్యామ్‌కి ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో స్లాట్ సరైనది. డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామ్ ఉన్న కంప్యూటర్లలో ర్యామ్ కదిపాక మొదటిసారి తెర వెలగడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. పని చేయలేదనుకుని మధ్యలో ఆపేయకండి, ఓపిక పట్టండి.

పిన్ని వాళ్ళ కంప్యూటర్ ఆ ఒక్క నొక్కుతో లేచింది. మీది లేవకపోతే గ్రాఫిక్స్ కార్డు చూడండి. బరువైన కార్డు ప్రయాణంలో ముందు వైపు కిందికి వేలాడి, స్లాట్ నుంచి ఒక చివర లేస్తుంది. దాని స్క్రూ విప్పి, స్లాట్ చివర ఉండే చిన్న గొళ్ళెం నొక్కి, బయటికి తీసి మళ్ళీ దించండి. దానికి విడిగా కరెంటు తీగ ఉంటే అదీ తీసి పెట్టండి. లాసన్స్ బే కాలనీలో సముద్రానికి దగ్గర్లో ఉండే ఒక స్నేహితుడి కార్డు తీసినప్పుడు దాని అంచుల మీద పచ్చటి పొర, స్క్రూల మీద తుప్పు చూశాను. ఉప్పుగాలి పని అది. తీరం వైపు ఇళ్ళలో ఏళ్ళ తరబడి కదలకుండా పని చేసిన జాయింట్, ఒక్కసారి కదిలాక ఆ పొర అడ్డుపడి మళ్ళీ కలవదు. అక్కడ కూడా రబ్బరే మందు.

తర్వాత మదర్‌బోర్డుకి వచ్చే కరెంటు తీగలు. 24 పిన్నుల వెడల్పాటి కనెక్టర్ ఒకటి, ప్రాసెసర్ పక్కన 4 లేదా 8 పిన్నులది ఇంకొకటి. రెండోది మూలన ఉండి కనిపించదు. అది వదులైతే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం రాదు. రెంటినీ గట్టిగా నొక్కండి.

ఫ్యాన్లు కూడా కదలకపోతే ముందు బటన్ నుంచి బోర్డుకి వచ్చే సన్నటి రెండు పిన్నుల తీగ ఊడిందేమో చూడండి. ఆ తీగో బటనో పాడైందని అనుమానమైతే రీసెట్ బటన్ తీగని పవర్ బటన్ పిన్నులకి పెట్టి, రీసెట్ నొక్కి ఆన్ చేయొచ్చు. అప్పటికీ చలనం లేకపోతే ఎస్‌ఎంపీఎస్ మీదికి అనుమానం పోతుంది. తెలిసినవాళ్ళది ఒకటి తెచ్చి మార్చి చూడటమే నమ్మకమైన పరీక్ష. ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం ఎప్పుడూ విప్పకండి. ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజ్ నిలిచి ఉంటుంది.

కూలర్ సంగతి. ఇంటెల్ ప్రాసెసర్లతో డబ్బాలో వచ్చే కూలర్‌ని నాలుగు ప్లాస్టిక్ పిన్నులు బోర్డుకి పట్టి ఉంచుతాయి. ఇవి కుదుపులకు ఊడటం మామూలే. వేలితో కూలర్‌ని మెల్లగా కదపండి. ఊగితే ఇక ఆన్ చేయొద్దు. వేడి బయటికి పోయే దారి లేక, కంప్యూటర్ తనను తాను కాపాడుకోవడానికే ఆగిపోతోంది. కూలర్ పూర్తిగా లేచిపోతే పాత పేస్టు తుడిచి, ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేరవేసే థర్మల్ పేస్టు కొత్తది బఠాణీ గింజంత వేసి బిగించాలి. ధైర్యం చాలకపోతే ఈ ఒక్క పని షాపులో చేయించండి.

కొత్త మదర్‌బోర్డులు కొన్నింటి మీద సీపీయూ (ఇక్కడ పెట్టె కాదు, ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (విండోస్ ఉన్న డిస్కు) అని నాలుగు చిన్న లైట్లుంటాయి. ఏది ఆరకుండా నిలిచిపోతే సమస్య అక్కడ. లైట్లు లేని పాతవి స్పీకర్ ఉంటే కూస్తాయి. ఆ కూతల అర్థం కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి మీ బోర్డు పేరుతో వెతికి చూసుకోవాలి.

అక్షరాలు వచ్చి ఆగిపోతే

ముందు యూఎస్‌బీ రంధ్రాల్లో పెన్‌డ్రైవ్ ఏదైనా ఉండిపోయిందేమో చూసి తీసేయండి. విండోస్ కోసం అందులో వెతుకుతూ ఆగిపోయే మెషీన్లున్నాయి.

తేదీ ఏ పాత సంవత్సరమో చూపిస్తూ ఎఫ్1 నొక్కమంటే మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోయింది. దాని నంబరు సీఆర్2032, 3 వోల్టులు, వాచీల షాపులో కూడా దొరుకుతుంది. రోజూ ప్లగ్గులో ఉన్నంతకాలం దాని బలహీనత బయటపడదు. ఇల్లు మారే హడావుడిలో కరెంటు లేకుండా కొన్ని రోజులు ఉండేసరికి గడియారం, సెట్టింగులు రెండూ చెరిగిపోతాయి. మార్చాక బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల తెరలోకి వెళ్ళి తేదీ, సమయం సరి చేయండి. తేదీ తప్పుగా ఉంటే విండోస్ లేచినా వెబ్‌సైట్లు సరిగా తెరుచుకోవు. బూట్ వరుసలో, అంటే విండోస్ కోసం కంప్యూటర్ డిస్కులు వెతికే వరుసలో, మీ విండోస్ ఉన్న డిస్కు మొదట ఉండాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. బయోస్ సెట్టింగులు మారాయని గమనించి విండోస్ కొన్నిసార్లు నీలి తెర మీద బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) రికవరీ కీ అడుగుతుంది. అది 48 అంకెలది. కంగారుపడి విండోస్ కొత్తగా వేయించుకోకండి, ఫొటోలూ ఫైళ్ళూ పోతాయి. ఆ కంప్యూటర్‌లో వాడే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి ఫోన్ నుంచి లాగిన్ అయి చూడండి, చాలాసార్లు కీ అక్కడే భద్రంగా ఉంటుంది.

బూట్ డివైస్ దొరకలేదని వస్తే డిస్కు తీగలు చూడండి. డిస్కుని మదర్‌బోర్డుకి కలిపే సాటా తీగ చేత్తో తాకితే ఊడేంత వదులుగా ఉంటుంది. రెండు చివర్లా తీసి పెట్టండి. బయోస్‌లో డిస్కు పేరు కనిపిస్తే విండోస్‌ని బాగు చేయొచ్చు. రెండు మూడుసార్లు లేవలేకపోతే అది తానే రిపేర్ తెర చూపిస్తుంది, అందులో స్టార్టప్ రిపేర్ ఎంచుకోండి.

కానీ హార్డ్ డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని ఒకే లయలో శబ్దం వస్తుంటే వెంటనే ఆపేయండి. మళ్ళీ మళ్ళీ ఆన్ చేసి చూడొద్దు. అది దారిలో ఎక్కడో కింద పడి ఉండొచ్చు. లోపల హెడ్ డిస్కుని గీకుతుంటే, ఆన్ చేసిన ప్రతిసారీ పాప అన్నప్రాశన ఫొటోల్లాంటివి కొన్ని శాశ్వతంగా పోతాయి. డేటా రికవరీ చేసేవాళ్ళకి నేరుగా ఇవ్వండి.

షాపుకి వెళ్ళాల్సి వస్తే

ద్వారకానగర్ వైపు వెళ్ళినా, మీ వీధి చివర షాపుకి వెళ్ళినా కేబినెట్ ఒక్కటే తీసుకెళ్ళండి. మీరు ఏమేం చూశారో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. "గోడ నుంచి నేరుగా ఇచ్చాం, ర్యామ్ విడివిడిగా పెట్టి చూశాం, కూలర్ గట్టిగానే ఉంది" అని చెప్తే పని సగం తగ్గుతుంది. బోర్డు పోయిందంటే "వేరే ఎస్‌ఎంపీఎస్, వేరే ర్యామ్ పెట్టి నా ఎదురుగా ఒకసారి చూపించండి" అని మర్యాదగా అడగండి. నిజాయతీగా పని చేసేవాళ్ళు కాదనరు. మార్చిన పాత భాగం వెనక్కి ఇవ్వమనండి. ఫార్మాట్ చేసే ముందు మిమ్మల్ని అడగాలని బిల్లు మీదే రాయించండి.

మళ్ళీ ఇల్లు మారాల్సి వస్తే, తీగలు పీకే ముందు కేబినెట్ వెనక ఒక ఫొటో తీసుకోండి. బరువైన గ్రాఫిక్స్ కార్డు తీసి దాని డబ్బాలో పెట్టండి. ముఖ్యమైన ఫైళ్ళు ముందు రోజే వేరే డిస్కులోకి కాపీ చేయండి, ఆ డిస్కు మీ చేతిసంచిలోనే రావాలి. కేబినెట్‌ని మదర్‌బోర్డు కిందికి ఉండేలా పడుకోబెట్టి, దుప్పట్ల మధ్య పెట్టి, దాని మీద ఇంకేమీ వేయకండి. వీలైతే కారు వెనక సీటు మీద తీసుకెళ్ళండి. విప్పిన స్క్రూలన్నీ చిన్న కవర్‌లో వేసి ఆ కవర్‌ని కేబినెట్‌కే టేపుతో అంటించండి.